లిఫ్టు గదిలో లేని ఈల

మార్చి 4

చెవులపిల్లీ,

నువ్వు క్షేమంగా చేరావని మీ అమ్మ ఫోన్ చేసింది. అదే చెప్పిందని అనుకుంటున్నా. ఈ మధ్య ఫోన్ కంపెనీవాళ్లు సగం మాటలు తమ దగ్గరే ఉంచేసుకుని మిగతా సగం పంపిస్తున్నారు. పైగా ఈ కాలంలో ఎవరికీ నోరు తెరిచి మాట్లాడే ఓపిక లేదు, మా అక్కతో సహా. అందుకే ఉత్తరం. కాగితం నసగదు.

పది రోజులు మా ఇంట్లో ఉండి నువ్వేం చేశావని పక్కింటి టైలరు అడిగాడు. "ఈ నగరం చప్పుళ్లు పట్టుకుపోవడానికొచ్చింది" అన్నా. "మరి అన్నీ తీసుకెళ్లిందా?" అన్నాడు పాపం, ఆశగా. పొద్దున కిటికీ తెరిచి చూస్తే అన్నీ ఇక్కడే ఉన్నాయి. ఒక్కటీ తగ్గలేదు.

మురుగు కాలవ మూత పక్కన గొడుగేసుకుని నలభై నిమిషాలు కూర్చున్నావు. మునిసిపాలిటీవాళ్లు కూడా దాని దగ్గర అంతసేపు ఎప్పుడూ కూర్చోలేదు. బస్సు డిపోలో తలుపు తెరుచుకునే చప్పుడు కోసం నాలుగు బస్సులు వదిలేశావు. ఐదోదాంట్లో సీటు లేదు. ఇదంతా కళ అంటున్నావు. నేను ఊళ్లో బళ్లో పదో తరగతి దాకా చదివినవాణ్ణి, కాదనడానికి నాకు ఇంగితం తప్ప వేరే డిగ్రీ లేదు.

నీ మైకుకి తొడిగే బొచ్చు టోపీ మంచం కింద దొరికింది. మీ అత్తయ్య ముందు చీపురుతో రెండు వేసింది. తర్వాత కళ్లజోడు పెట్టుకుని చూసి, జాలిపడి సబ్బుతో ఉతికింది. ఇప్పుడది తడిసిన పిల్లిలా తీగ మీద వేలాడుతోంది. ఆరాక పంపిస్తా.

నేనూ ఇరవై ఎనిమిదేళ్లుగా చప్పుళ్లే వింటున్నానని నీకు తెలుసు. నెలకోసారి ఒక్కో లిఫ్టు పైగదికెళ్లి, స్క్రూడ్రైవరు మొనని మోటారుకి, పిడిని చెవికి ఆనించి, విని, రిజిస్టర్లో సంతకం పెట్టడం నా పని. తేడా ఏంటంటే, నేను విన్నాక ఏదో ఒకటి బాగుపడుతుంది. పళ్ల డాక్టర్ల భవనం పైకి నిన్ను తీసుకెళ్లింది అందుకే, వినడమంటే ఏంటో చూస్తావని. చూశావు. చూసి, నీ మైకు మోటారు పక్కన పెట్టి, కళ్లు మూసుకుని సన్యాసిలా కూర్చున్నావు. వాచ్‌మన్ దణ్ణం పెట్టబోయి ఆగిపోయాడు.

అత్తయ్య నిన్ను అడిగానని చెప్పమంది.

మీ మామయ్య


మార్చి 11

మామయ్యా,

టోపీ అందింది. సబ్బు వాసన వస్తోంది. దాని బొచ్చు ఉండలు కట్టింది కాబట్టి ఇక గాలి ఆపదు. అత్తయ్యకి మాత్రం ఈ మాట చెప్పకు.

వెటకారం అయిపోయిందా? ఇప్పుడు నా సంగతి విను. రెండేళ్లుగా నేను ఈ ఊళ్లో సైకిల్ షాపు పైగదిలో, కిటికీకి పరుపు అడ్డం పెట్టుకుని, ప్రకటనలకి బిస్కెట్ విరిగే చప్పుడు, తువ్వాలు దులిపే చప్పుడు చేసి ఇస్తూ బతుకుతున్నా. ఏ చప్పుడు కిందా నా పేరుండదు. ఇప్పుడు మొదటిసారి నా సొంత కూర్పు నలుగురి ముందుకు వస్తోంది. ఏప్రిల్ 20న, ఇక్కడి పాత గోదాంలో. చీకట్లో కుర్చీలు, చుట్టూ ఎనిమిది స్పీకర్లు, ఇరవై రెండు నిమిషాలు. పంపినవాళ్లు అరవైమంది, ఎంచింది ఐదుగుర్ని.

ఇది పాట కాదు. మీ నగరం చప్పుళ్లనే కోసి, పేర్చి, ఒకదాని కడుపులోంచి ఇంకోటి పుట్టేలా చేస్తున్నా. బస్సు తలుపు నిట్టూర్పు మెల్లగా కాలవ నీళ్లయిపోతుంది. నువ్వు చప్పుడు వినేది రోగం పట్టుకోవడానికి. రోగం లేకపోతే నీకది చప్పుడే కాదు. అంత కక్కుర్తి వినికిడి నాది కాదు.

పెన్‌డ్రైవ్‌లో మూడు ముక్కలు పంపుతున్నా. డిపో, పళ్ల డాక్టర్ల భవనం మెట్లు, దాని పైన మోటారు గది. నీతో ఒక్క పని ఉంది. మోటారు గదిలో సన్నగా ఒక ఈల వినిపిస్తుంది కదా, ఆగకుండా. నా కూర్పు చివరి ఆరు నిమిషాలూ ఆ ఈల మీదే నిలబెట్టాను. వచ్చినవాళ్లకి పంచే కాగితంలో ప్రతి చప్పుడూ దేనిదో రాయాలి. దాన్ని మీ పనిలో ఏమంటారు?

నీ మేనకోడలు


మార్చి 19

చెవులపిల్లీ,

నీ కళాఖండం విన్నా. ఆదివారం మధ్యాహ్నం, టీవీ కట్టేసి, తలుపేసి, మా స్పీకర్ డబ్బాకి తగిలించి, కుర్చీలో నిటారుగా కూర్చుని విన్నా. సినిమాకి కూడా అంత మర్యాద ఇవ్వలేదు.

డిపో బాగానే ఉంది. డిపోలాగే ఉంది. డిపో వినాలనుకున్నవాడు రెండు వీధులు నడిస్తే చాలు, నీకు ఎనిమిది స్పీకర్లెందుకో అర్థం కాలేదు.

ఇక మెట్లు. ఎవరో ఎక్కారు, ఎవరో దగ్గారు, తలుపు పడింది. ఆ తర్వాత మూడు నిమిషాలు ఏమీ లేదు! డబ్బా ఆగిపోయిందేమోనని లేచి రెండుసార్లు తట్టా. దీపం వెలుగుతూనే ఉంది. అంటే కళ నడుస్తూనే ఉందన్నమాట. మా బళ్లో నేను ఖాళీ కాగితం ఇస్తే లెక్కల మాస్టారు సున్నా వేసి వీపు మీద సంతకం పెట్టేవారు. మీ గోదాంవాళ్లు ఆ రోజు కాగితాలు దిద్ది ఉంటే నేను జిల్లాకే ఫస్టు వచ్చేవాణ్ణి. చీకట్లో కుర్చీలేసి కూర్చోబెట్టి ఏమీ వినిపించకపోవడానికి అరవైమంది పోటీపడ్డారా? అందులో నువ్వు నెగ్గావా? సంతోషం.

మోటారు గది మూడుసార్లు విన్నా. మోటారు హుమ్మని తిరుగుతోంది, బ్రేకు టక్కుమని వదులుతోంది, తాళ్లు మూలుగుతున్నాయి. అంతే. ఈలా లేదు, గోలా లేదు. ఆ గదిని పదకొండేళ్లుగా చూస్తున్నా. అందులో ఈల ఉంటే నాకు కదా ముందు తెలియాలి?

ఆ మోటారులో ఏదో తేడా ఉందన్న మాట మా ఆఫీసులో ఇంకొకడి నోట కూడా విన్నా. పోయినేడాది చేరాడు, మీటరుగాడు అంటాం. అరచేతిలో ఒక పెట్టె, దానికో తీగ, తీగ చివర అయస్కాంతం. దాన్ని మోటారుకి అంటించి, తెర మీద అంకెలు చదువుతాడు. మోటారు వైపు చూడనైనా చూడడు. పెళ్లాన్ని కూడా అలాగే పలకరిస్తాడేమో. ఫిబ్రవరిలో అదే మోటారుకి మీటరు పెట్టి, ఇరుసు తిరిగే బేరింగు దగ్గర అంకె గీత దాటిందని రిజిస్టర్లో రాసిపారేశాడు. నేను వెళ్లి పిడి చెవికానించి విన్నా. పసిపిల్ల నిద్రపోతున్నట్టుంది. వాడి లైను కొట్టేసి, "చెవితో విన్నాను, బాగుంది" అని రాసి సంతకం పెట్టా. మేనేజరు నా మాటే ఖాయం చేశాడు. ఆఫీసులో మీటరు అక్కర్లేనివాణ్ణి నేనొక్కణ్ణే మరి. నన్ను చెవులాయన అంటారు. మీటరుగాడు మొహం మాడ్చుకుని పెట్టె సంచిలో పెట్టుకున్నాడు.

కాబట్టి కాగితంలో ఇలా రాసుకో: "ఈల, కల్పితం."

మీ మామయ్య


మార్చి 27

మామయ్యా,

నువ్వు వినలేదు. వినకుండానే రాశావు.

వెటకారం నీకు అలవాటే, నాకూ అలవాటే. చిన్నప్పటినుంచీ నీ నోట నాలుగు మాటలు పడితేగాని ఈ ఇంటి ఆడపిల్లకి అన్నం అరగదు. కానీ కుర్చీలో నిటారుగా కూర్చున్నానని అబద్ధం ఎందుకు? మెట్ల దగ్గర ఏమీ లేదా? ఐదంతస్తుల డాక్టర్లు పళ్లు తొలిచే మరలన్నీ ఒకేసారి తిరుగుతూ, మెట్ల గొట్టంలో కలిసి, దోమల దండులా పైకి లేచే మూడు నిమిషాలవి! నా స్నేహితురాలు అది విని తెలియకుండానే చెంప పట్టుకుంది. దాన్ని ఖాళీ కాగితం అంటావా?

పెన్‌డ్రైవ్ పెట్టి, నిమిషం విని, మిగతాది నీ తెలివితో పూరించేశావు. చదువురానివాణ్ణని చెప్పుకుంటూ ఎదుటివాళ్లని వెధవల్ని చేయడం నీకు వెన్నతో పెట్టిన విద్య. రెండేళ్లు ఎదురుచూసి చేసుకున్న నా సొంత పని నీకు ఆదివారం మధ్యాహ్నం కాలక్షేపానికి కూడా పనికిరాలేదు, సరే.

ఈల ఉంది. నా చెవికుంది, స్నేహితురాలి చెవికుంది, కంప్యూటరు తెర మీద గీత గీసినట్టు కనిపిస్తోంది కూడా. నీ డబ్బా పాడైందేమోనని ఇంకా కాస్త నమ్మకం మిగుల్చుకున్నా. నా మాట మీద నమ్మకం లేకపోతే అత్తయ్యకి వినిపించు.

నువ్వు పేరు చెప్పినా చెప్పకపోయినా కాగితం అచ్చుకెళ్లాలి. "దంతవైద్యుల భవనం, లిఫ్టు మోటారు గది" అని రాస్తున్నా.

నీ మేనకోడలు


ఏప్రిల్ 3

అమ్మాయ్,

ఈసారి ముద్దు పేర్లు లేవు.

అత్తయ్యకి వినిపించమన్నావు, వినిపించా. ఆ ఖాళీ ముక్క రాగానే చెంగుతో చెవులు మూసుకుని, "ఏవండీ, ఆపండి, పళ్లు జివ్వుమంటున్నాయి" అంది. మోటారు గది దగ్గరకొచ్చాక, "ఈ కీచుమనేదేంటి, ప్రాణం తీస్తోంది" అంది. ఎంత బాగా నేర్పావు! మీ ఇద్దరూ ఫోన్లో గంటలు గంటలు గుసగుసలాడుకునేది దీనికోసమేనని నాకు తెలియదనుకోకు. ఇంట్లో ఎదురుగా కూర్చునే నాతో గొణుగుతూ మాట్లాడే మనిషి, నీతో మాత్రం ఫోన్లో గలగలా మాట్లాడుతుంది. నేను తిరిగి అడిగితే, "చెప్పానుగా" అని లేచిపోతుంది.

నాతో ఆడుకోండి, పర్లేదు. నా సంతకంతో ఆడుకోవద్దు.

నీ కాగితంలో భవనం పేరేసి, మోటారు అలా అరుస్తోందని చీకట్లో కుర్చీలేసి వినిపిస్తే రేపు అడిగేది నిన్ను కాదు. "ఏమయ్యా చెవులాయనా, ఇరవై ఎనిమిదేళ్లుగా ఏం విన్నావు?" అని నన్ను. నాకున్న ఆస్తి ఆ పేరొక్కటే. దాన్ని నీ చప్పట్ల కోసం అద్దెకివ్వను. నీ కంప్యూటర్లో బిస్కెట్ లేకుండా బిస్కెట్ విరగ్గొట్టగలవు కదా, ఈల పుట్టించడం నీకొక లెక్కా? నీ మరలో పుట్టిన ఈలని నా మోటారుకి అంటగట్టకు. తీసెయ్.

తీయకపోతే ఆ గోదాంవాళ్లకి నేనే ఉత్తరం రాస్తా. ఈ అమ్మాయి తెచ్చింది కల్తీ చప్పుడు, ఆ మోటారుని నెలనెలా వినేవాణ్ణి చెబుతున్నాను అని. వాళ్లు నీ మాట నమ్ముతారో నా మాట నమ్ముతారో చూద్దాం.

మామయ్య


ఏప్రిల్ 8

మామయ్యా,

రాయి. చిరునామా ఈ కాగితం వెనక ఉంది. గోదాం తాళాలు చూసేది ఒకావిడ. ముక్కుసూటి మనిషి, కల్తీ అంటే నిజంగానే నన్ను తీసేస్తుంది.

రాసే ముందు ఈ పెన్‌డ్రైవ్ పెట్టు. ఇందులో ఒక్కటే ముక్క ఉంది. అదే మోటారు, అదే రోజు, అదే నిమిషం. నేను ఏదీ కలపలేదు, తీయలేదు. వేగం మాత్రం ఎనిమిదో వంతుకి తగ్గించా. వేగం తగ్గితే సన్న చప్పుడు లావెక్కి, మనిషి గొంతు ఉండే చోటికి దిగుతుంది.

నీతో వాదించను. అత్తయ్య నాకేమీ చెప్పలేదు, నేనూ ఆవిడకేమీ నేర్పలేదు. ఇది నేను మొన్న రాత్రంతా కూర్చుని విన్నా. నాకది సంగీతం. నీకేమిటో నువ్వే చెప్పాలి.

ఒక్కటే అడుగుతున్నా. ఉత్తరం అందిన రోజే విను. మర్నాడు ఆ లిఫ్టు ఎవరూ ఎక్కకముందే.

నీ మేనకోడలు


ఏప్రిల్ 15

చెవులపిల్లీ,

విన్నా.

నవ్వుకుంటూనే పెట్టా. ఎనిమిదో వంతు వేగంలో మోటారు ముసలి గేదెలా మూలుగుతుందని, మళ్లీ నీకో రెండు పేజీలు రాయొచ్చని. కాగితం, పెన్ను పక్కన పెట్టుకునే కూర్చున్నా. మోటారు హుమ్మనే మోత నేలలోకి దిగిపోయింది. దాని మీద తేలింది, గుండ్లు తడి లేని గాడిలో దొర్లే చప్పుడు. చుట్టుకోసారి, ఒకేచోట, టిక్కు. పనిలో చేరినవాడికి మొదటి వారం నేర్పే చప్పుడది. ఆఫీసులో అందరికీ నేర్పింది నేనే. తిట్టడానికి గదిలో ఇంకెవరూ లేరు.

మర్నాడు ఆరున్నరకే భవనానికెళ్లి, మెయిన్ ఆపి, ఫ్యూజులు జేబులో వేసుకుని, బోర్డు తగిలించా. బేరింగు మూత విప్పితే లోపల గ్రీజు లేదు, నల్లటి పొడి ఉంది. గుండ్లని పట్టే చట్రం పగిలింది. గుండ్లు దొర్లే గాడిని బొటనవేలితో తడిమితే గుంటలోకి గోరు దిగింది. చెవి అక్కర్లేదు, మీటరు అక్కర్లేదు, వేలు చాలు. మూత విప్పి ఎన్ని నెలలైందో రాయను. చెవులాయనకి మూత విప్పే అవసరమేముంది?

ఇంకో నెల ఆగితే అది బిగుసుకుపోయేది. జనం అంతస్తుల మధ్య ఇరుక్కునేవాళ్లు. బిగుసుకోకుండా ఇరుసు తెగితే ఏమయ్యేదో నాకు తెలుసు, కాబట్టి ఆ వాక్యం ఇక్కడితో ఆపేస్తున్నా.

తొమ్మిదింటికి జనం వచ్చారు. దవడ వాచిన పెద్దాయనొకరు నాలుగో అంతస్తుకి మెట్లెక్కుతూ నన్ను తిట్టారు. నోరు తెరవలేరు కాబట్టి కళ్లతో తిట్టారు. నేను తల వంచుకుని వింటూ నిలబడ్డా.

మీటరుగాణ్ణి నేనే పిలిపించా. వచ్చాడు, చూశాడు, రిజిస్టర్లో ఫిబ్రవరి పేజీ తెరిచాడు. వాడి లైను, దాని మీద నా కొట్టివేత, కింద నా సంతకం. వాడు పేజీ నా వైపు తిప్పి పెట్టాడంతే. వాడి స్థానంలో నేనుంటే నాలుగు మాటలు అనేవాణ్ణి, వారం దాకా ఆగకుండా అనేవాణ్ణి. ఆ పేజీలోనే కింద "మీటరు సరి, చెవి తప్పు" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టా. మేనేజరు చదివి, "దీన్ని కాస్త వేరేలా రాయకూడదూ?" అన్నాడు. నాకు వేరేలా రాయడం రాదన్నా. ఇక చెవి మీద సంతకాలు బంద్. నా సంతకంతో నడుస్తున్న లిఫ్టులు ఇంకా నలభై మూడున్నాయి. వాడు మీటరు పెడతాడు, నేను మూత విప్పుతా. ఇప్పటికి పదకొండు చూశాం. ఇలా పాడైంది ఇంకొకటి దొరికింది. మొహం తిప్పుకుని మరీ నాకు చూపించాడు, నేను సిగ్గుపడేది తను చూడకుండా. నేను వాడి పెళ్లాం గురించి అన్న మాట చదివావు కదా, అది మర్చిపో.

చెవుల డాక్టరు దగ్గరికీ వెళ్లా. గాజు పెట్టెలో కూర్చోబెట్టి, చెవులకి డిప్పలు తగిలించి, చప్పుడు వినపడ్డప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. మొదట్లో నొక్కా. తర్వాత చాలాసేపు నొక్కే పని పడలేదు. "మీ మిషన్ పాడైందేమో చూడండమ్మా" అన్నా. గాజుకి అవతల అమ్మాయి తల అడ్డంగా ఊపింది. లావు చప్పుళ్లు బాగానే ఉన్నాయట, సన్నవే పోయాయట. మోటార్ల పక్కన ఇన్నేళ్లుంటే పోతాయట, చెప్పాపెట్టకుండా. ఇంటికొచ్చి మీ అత్తయ్యతో చెబితే, "నాలుగేళ్ల నుంచీ అరుస్తూనే ఉన్నా, నా గొంతు పోయింది కానీ మీకు తెలియలేదు" అంది. ఈసారి గట్టిగానే అంది.

గోదాం ఆవిడకి ఉత్తరం రాయలేదు. రాసి చింపాను అనడం లేదు, రాయనే లేదు. కల్తీ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కళ కాదన్న మాట మాత్రం నా దగ్గరే ఉంచుకుంటున్నా, అది నేను విన్నాక తేల్చాల్సిన విషయం. ఈల పేరు అడిగావు. గ్రీజు ఎండిన బేరింగు అంటారు. కాగితం అచ్చుకి ఇంకా వెళ్లకపోతే అదే రాయి. "పదకొండేళ్లుగా ఆ గది చూసే మనిషికి ఇది వినపడలేదు" అని కూడా కింద చేర్చు. సిగ్గుపడి తీసేశావంటే ఊరుకోను. ఆ ఈల ఇప్పుడు భవనంలో లేదు, కొత్త బేరింగు వేశాం. ఉన్నది నీ దగ్గరే.

ఇరవయ్యో తారీఖు ఉదయం బస్సుకి బయల్దేరుతున్నాం. మీ అత్తయ్య నా ఎడమపక్కన కూర్చుంటుంది. ఆ మెట్ల ముక్క మొదలైనప్పుడు ఒకసారి, అయిపోయాక ఒకసారి మోచేత్తో పొడుస్తానంది. చివరి ఆరు నిమిషాలకైతే మోచెయ్యి తీయకుండా ఆనించే ఉంచుతానంది. ఆవిడ మోచెయ్యి నీకు తెలియదు, స్క్రూడ్రైవరు మొన దాని ముందు దూది. ఇన్నేళ్లూ నా మాట నమ్మి జనం లిఫ్టు ఎక్కారు. ఆరు నిమిషాలు ఆవిడ మోచేతిని నమ్మి నేను చీకట్లో కూర్చుంటా.

మీ మామయ్య